కిల్ట్‌కు ముందు గళ్ళు కొలవాలి

ప్రశ్న: స్కాట్లాండ్‌లో మగవాళ్ళు లంగాలా ధరించే కుచ్చిళ్ల వస్త్రం కిల్ట్‌ను సొంతంగా కుట్టుకోవాలని ఉంది. నా నడుము 34 అంగుళాలు, సీటు (పిరుదుల దగ్గర చుట్టుకొలత) 40. నా దగ్గర పెద్ద గళ్ళ నూలు ఫ్లానెల్ బట్ట ఉంది. అది పనికివస్తుందా? నిజంగా ఎనిమిది గజాలు కావాలా? కుచ్చిళ్లు ఎన్ని పెట్టాలి?

జవాబు: ఆ ఫ్లానెల్‌ను చొక్కాకు ఉంచుకోండి. కిల్ట్ అందమంతా వెనుక కుచ్చిళ్లలో ఉంది. నడిచేటప్పుడు అవి విచ్చుకుని, ఆగగానే తిరిగి తమ చోటికి చేరాలంటే బట్టకు బరువూ, మడతను నిలుపుకొనే గుణమూ ఉండాలి. ఫ్లానెల్‌కు ఇస్త్రీ గీత పడుతుంది గానీ ఒకసారి కూర్చుని లేచేసరికి నలిగిపోతుంది. అందుకే ట్విల్ నేత (ఏటవాలు గీతలు కనబడే నేత), వర్‌స్టెడ్ ఉన్ని (దువ్వి నున్నగా వడికిన ఉన్ని)తో చేసిన టార్టన్, అంటే రంగు చారల గళ్ళ బట్ట, వాడతారు. గజానికి 13 ఔన్సులు తూగేది మధ్యరకం, 16 ఔన్సులది బరువైనది. తొలిసారి కుట్టేవారికి నేను 16 ఔన్సులదే చెబుతాను, ఎందుకంటే అది సూది కింద కదలకుండా కూర్చుంటుంది.

ఎన్ని గజాలన్నది గళ్ళే చెబుతాయి. రంగుల చారల వరుస ఒకసారి పూర్తయి మళ్ళీ మొదలయ్యే దాకా ఉన్న కొలతను సెట్ అంటారు. ఒక్కో కుచ్చికి ఒక్కో సెట్ చొప్పున బట్ట వాడితే, వెనుక ప్రతి కుచ్చి మీదా ఒకే చార కనబడుతుంది. సీటులో సగం, అంటే 20 అంగుళాలు కుచ్చిళ్లకు వదిలి, ఒక్కొక్కటి ముప్పావు అంగుళం కనబడేలా చూస్తే 27 వస్తాయి. సెట్ 6 అంగుళాలైతే వాటికే 162 అంగుళాలు పడుతుంది. ముందు వైపు ఒకదానిపై ఒకటి వచ్చే రెండు సాదా భాగాలకూ, వాటి పక్క మడతలకూ మరో 90 కలిపితే 7 గజాలు. సెట్ 7 అంగుళాలైతే దాదాపు 8 గజాలు. పెద్ద పన్నా బట్టను నిలువునా రెండుగా చీల్చి కలుపుతారు కాబట్టి కొనేది ఇందులో సగమే. నేతలో వచ్చిన అంచునే కింద ఉంచాలి, మడిచి కుట్టకూడదు.

సీటు దగ్గర ముప్పావు ఉన్న కుచ్చి నడుము దగ్గరికి వచ్చేసరికి ఐదు బై ఎనిమిది అంగుళాలకు సన్నబడాలి, ఆ తగ్గింపును ప్రతి కుచ్చికీ సమానంగా పంచాలి. నా మొదటి కిల్ట్‌లో ఒక్కో కుచ్చి అంగుళంలో పదహారో వంతు ఎక్కువైంది; కంటికి తెలియని ఆ తేడా 27 కుచ్చిళ్లు పూర్తయ్యేసరికి అంగుళంన్నర దాటి, మొత్తం విప్పాల్సివచ్చింది. అందువల్ల సుద్దతో గుర్తులు పెట్టి, ఐదేసి కుచ్చిళ్లకోసారి టేపు పట్టి చూడండి. నడుము నుంచి సీటు దాకానే గట్టి కుట్టు వేసి, కింది భాగాన్ని కచ్చా కుట్లతో పట్టి ఉంచి, తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాకే ఆ కచ్చా కుట్లు తీయండి.