కమ్యూనిటీ కాలేజీ చదువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలు ఇచ్చే కాలేజీల) గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాం. వీటిలో సగం గడువు దాటాకో, దాటబోతుండగానో రాసినవి. అందుకే తేదీల మాట పదే పదే వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఈ ఏడాదితో హైస్కూల్ అయిపోతుంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలని వాడి కోరిక. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివించి, ఆ తర్వాత యూనివర్సిటీకి పంపుదామని మావారు అంటున్నారు. చుట్టాలేమో "అక్కడ చేరితే నాలుగేళ్ల చదువు ఐదేళ్లవుతుంది" అని భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీవారి ఆలోచన మంచిదేనమ్మా. చుట్టాల భయం కూడా ఊరికే పుట్టింది కాదు. అయితే ఐదో ఏడు పడడానికి కారణం కాలేజీ కాదు, మీ అబ్బాయి లెక్కల్లో ఏ మెట్టు దగ్గర మొదలుపెడతాడన్నది.

ఇంజినీరింగ్‌కి కాలిక్యులస్ 1, 2, 3, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కావాలి. ఒకటి పాసైతేనే తర్వాతిది ఇస్తారు. ఫిజిక్స్ మొదటి కోర్సుకి కాలిక్యులస్ 1, స్టాటిక్స్‌కి ఆ ఫిజిక్స్ కావాలి. మొదటి సెమిస్టర్‌లోనే కాలిక్యులస్ 1 తీసుకున్నవాడికి ఈ వరస నాలుగు సెమిస్టర్లలో సరిపోతుంది. కాలేజ్ ఆల్జీబ్రాతో మొదలుపెట్టినవాడు దాని తర్వాత ప్రీకాలిక్యులస్ కూడా దాటి రావాలి. అక్కడే రెండు సెమిస్టర్లు, అంటే ఒక ఏడాది, పోతుంది. చుట్టాలు చూసింది ఇదే అయుంటుంది.

కాబట్టి ముందు చూడాల్సింది లెక్కల ప్లేస్‌మెంట్, అంటే ఏ లెక్కల కోర్సులో కూర్చోబెడతారన్నది. టెక్సాస్‌లో కాలేజీ చదువుకి సిద్ధంగా ఉన్నారా అని చూసే టీఎస్ఐ అనే పరీక్ష ఉంది. ఎస్ఏటీ, ఏసీటీలో తగిన స్కోరుంటే దాన్నుంచి మినహాయింపు దొరుకుతుంది. కానీ ఆ మినహాయింపు ఉన్నంత మాత్రాన కాలిక్యులస్‌లో కూర్చోబెట్టరు. దానికి ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) స్కోరో, ప్రీకాలిక్యులస్ క్రెడిటో, కాలేజీ పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షో కావాలి. ప్రీకాలిక్యులస్ బాకీ ఉంటే, హైస్కూల్ అయిన వెంటనే వచ్చే సమ్మర్‌లో పూర్తి చేయించండి. ఆ ఒక్క వేసవి ఒక సెమిస్టర్‌ని కాపాడుతుంది.

ఇక డిగ్రీ పేరు. అసోసియేట్ డిగ్రీ సుమారు 60 క్రెడిట్లు. ఏఏ, ఏఎస్ అన్నవి యూనివర్సిటీకి వెళ్లేవాళ్ల కోసం. ఏఏఎస్ అన్నది నేరుగా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం, దాంట్లోని టెక్నికల్ కోర్సులు చాలావరకు యూనివర్సిటీలో లెక్కలోకి రావు. పేర్లలో తేడా ఒక్క అక్షరమే గనక దరఖాస్తులో పొరపాటున ఏఏఎస్ ఎంచుకునేవాళ్లున్నారు. ఆ పెట్టె దగ్గర ఆగి రెండుసార్లు చదవమనండి.

టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో 42 క్రెడిట్ల కోర్, అంటే అందరూ చదవాల్సిన సాధారణ కోర్సుల కట్ట, ఉంటుంది. అది మొత్తం పూర్తి చేసి వెళ్తే ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని గంపగుత్తగా ఒప్పుకోవాలి. అలాగని మొదటి ఏడాదంతా కోర్ కోర్సులతో నింపేసి, లెక్కలు తర్వాత చూసుకుందాం అనుకోవడమే ఇంజినీరింగ్ పిల్లలు చేసే పెద్ద తప్పు. ముందు వెళ్లాలనుకున్న యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ ప్రింటు తీసి, దాన్ని పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. "ఏం తీసుకోమంటారు?" అని అడిగితే జనరల్ జవాబే వస్తుంది. "ఈ కాగితంలోని ఏ కోర్సుకి మీ దగ్గర ఏది సరిపోతుంది?" అని అడిగితే పని జరుగుతుంది.

టెక్సాస్‌కే చెందిన రెండు నియమాలు. 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థి గత ఐదేళ్లలో మెనింజైటిస్ టీకా వేయించుకున్నట్టు రుజువు ఇవ్వాలి, అదీ క్లాసులు మొదలయ్యే తేదీకి కనీసం 10 రోజుల ముందు వేయించినదై ఉండాలి. రెండోది, ఇక్కడి ప్రభుత్వ కాలేజీల్లో బ్యాచిలర్స్ పూర్తయ్యేలోపు మధ్యలో వదిలేసే కోర్సులు మొత్తం ఆరు దాటకూడదు. కమ్యూనిటీ కాలేజీలో వదిలినవీ ఆ ఆరులోకే వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ఫీజు కడుతున్నది నేను. మార్కులు చెప్పమని ఫోన్ చేస్తే ఆఫీసులో చెప్పనన్నారు. మైనరు పిల్ల చదువు గురించి తండ్రికి చెప్పకపోవడం ఏం న్యాయం?
— ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ బాధ అర్థమవుతోంది, కానీ ఆఫీసువాళ్లు చట్టం ప్రకారమే నడుచుకున్నారు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, పిల్లలు కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచి రికార్డుల మీద హక్కు వాళ్లదే, వయసు ఎంతైనా సరే. ఫీజు ఎవరు కట్టారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. టాక్సుల్లో డిపెండెంట్‌గా చూపిస్తున్న తల్లిదండ్రులకు చెప్పడానికి చట్టం వీలిచ్చింది గానీ, చెప్పి తీరాలని అనలేదు. చాలా కాలేజీలు విద్యార్థి సంతకమే అడుగుతాయి.

ఆ సంతకం ఫారం రిజిస్ట్రార్ ఆఫీసులో, లేదా విద్యార్థి పోర్టల్‌లో ఉంటుంది. ఎవరికి, ఏ రికార్డులు చూపించవచ్చో అందులో అమ్మాయే రాయాలి. మార్కులు, ఫీజు బాకీ, ఆర్థిక సాయం విడివిడిగా అడిగే ఫారాలుంటాయి, ఒకటి టిక్ చేసి మిగతావి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అమ్మాయి తన పాస్‌వర్డ్ మీకిచ్చి లోపలికి వెళ్లమనడం మాత్రం వద్దు. దానికన్నా నెలకోసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పోర్టల్ చూడండి. కోపంతో కాకుండా అడిగితే చాలామంది పిల్లలు చూపిస్తారు.

ప్రశ్న: నేను ఎఫ్-1 వీసా మీద చదువుతున్నాను. 13 యూనిట్లు (క్రెడిట్లు) తీసుకున్నాను. అందులో 4 యూనిట్ల కెమిస్ట్రీ అస్సలు అర్థం కావడం లేదు, ఫెయిలయ్యేలా ఉన్నాను. ఈ వారమే డ్రాప్ చేద్దామనుకుంటున్నాను. ఒక ఫ్రెండ్ ఆన్‌లైన్ క్లాసు ఒకటి కలుపుకుంటే చాలంటున్నాడు.
— ఒక విద్యార్థి, శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: ఈ పేజీ చదువుతున్న క్షణంలో ఇంకా డ్రాప్ నొక్కకపోతే, నొక్కకండి. ముందు మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని) కలవండి. 13లో 4 తీసేస్తే 9 మిగులుతాయి. ఎఫ్-1 విద్యార్థికి ఫాల్, స్ప్రింగ్‌లలో 12 ఉండి తీరాలి. అనుమతి లేకుండా 12 కిందికి దిగితే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రద్దవుతుంది, దాంతో వీసా స్టేటస్ పోతుంది. అనుమతి డ్రాప్‌కి ముందు రావాలి. తర్వాత వెళ్లి బతిమాలితే డీఎస్‌ఓ చేతిలో కూడా ఏమీ ఉండదు.

దారులు మూడున్నాయి. మొదటిది, సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే ఎనిమిది వారాల క్లాసు. చాలా కాలేజీల్లో ఇవి ఉంటాయి. 12కి తగ్గకుండా సరిపడా యూనిట్లు ముందు కలుపుకుని, ఆ తర్వాతే కెమిస్ట్రీ వదలాలి, వరస తారుమారు కాకూడదు. మీ ఫ్రెండ్ మాటలో సగమే నిజం: పూర్తిగా ఆన్‌లైన్ క్లాసు 12లో ఒక్కటే, అదీ 3 యూనిట్ల వరకే లెక్కలోకి వస్తుంది. ఇప్పటికే ఒకటి ఆన్‌లైన్‌లో ఉంటే రెండోది పనికిరాదు.

రెండోది, రెడ్యూస్డ్ కోర్స్ లోడ్. మొదట్లో ఇంగ్లీషు ఇబ్బంది, ఇక్కడి బోధన అలవాటు లేకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడడం, ఈ కారణాలకు డీఎస్‌ఓ ఒప్పుకోవచ్చు. అప్పుడు కనీసం 6 యూనిట్లు ఉండాలి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ పూర్తి లోడ్ తీసుకోవాలి. ఒక స్థాయి చదువులో ఇది ఒక్కసారే. అనారోగ్యమైతే వేరే లెక్క, డాక్టరు ఉత్తరంతో మొత్తం 12 నెలల దాకా ఇవ్వవచ్చు.

మూడోది, కోర్సులోనే ఉండి గట్టెక్కడం. ట్యూటరింగ్ సెంటర్‌లో చాలా కాలేజీలు ఉచితంగానే నేర్పుతాయి, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ ఉంటాయి. ఊరికే "అర్థం కాలేదు" అనకుండా, మీరు చేసిన లెక్క ఎక్కడ ఆగిందో ఆ కాగితం తీసుకెళ్లండి. మోల్ లెక్కల్లో కొలతల యూనిట్లు మార్చే దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. అది సరిదిద్దుకుంటే తర్వాతి అధ్యాయాలు చాలా తేలికవుతాయి.

ప్రశ్న: ఆంధ్రాలో బీఎస్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేశాను, పదేళ్లయింది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య/భర్తకిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) లేదు. నర్సింగ్ చదవవచ్చా? రెండేళ్లలో అయిపోతుందంటున్నారు.
— ఒక గృహిణి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: చదవవచ్చు. హెచ్-4 మీద చదువుకి ఈఏడీ అక్కర్లేదు. ఉద్యోగానికి కావాలి. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుకి సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు, కాబట్టి మూడేళ్లు చదవకముందే రాష్ట్ర నర్సింగ్ బోర్డు నియమం చూసుకోండి.

"రెండేళ్లు" అన్నది నర్సింగ్ ప్రోగ్రామ్‌లో సీటొచ్చాక. దానికి ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ల్యాబులతో సహా, ఇంగ్లీష్ కూడా పూర్తి చేయాలి. ఒక్కోదానికి ముందు మరో కోర్సు ఉంటుంది గనక కనీసం ఏడాది పడుతుంది. కాలేజీలో అడ్మిషన్ వచ్చిందంటే నర్సింగ్‌లో వచ్చిందని కాదు. దానికి వేరే దరఖాస్తు, టీస్ అనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష ఉంటాయి. కొన్ని కాలేజీలు పాయింట్లు లెక్కేస్తాయి, కొన్ని లాటరీ తీస్తాయి.

మీ బీఎస్సీని నేసెస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థల సంఘం) సభ్య సంస్థతో కోర్సువారీగా మూల్యాంకనం చేయించండి. జనరల్ రిపోర్టు చవక, కానీ ఇక్కడ పనికిరాదు. సైన్స్ కోర్సులకు అయిదారేళ్ల కాలపరిమితి పెట్టే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, మీ పదేళ్ల నాటి జువాలజీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. నొచ్చుకోకండి, జనరల్ ఎడ్యుకేషన్ కింద కొన్ని క్రెడిట్లు కలిసివస్తే అదే లాభం.

క్లినికల్స్‌కి (ఆసుపత్రిలో శిక్షణకి) ముందు టీకాల రికార్డు, టీబీ పరీక్ష, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్, బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు అడుగుతారు. హెపటైటిస్-బి మూడు డోసుల వరస అయితే పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. సీటు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, ఇప్పుడే వేయించుకోండి.

ఫీజు: కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కి 46 డాలర్లు. బయటివాళ్లకు దానికి కొన్ని రెట్లు. హెచ్-4 వాళ్లు కూడా ఇక్కడ నివాసులుగా నిరూపించుకోవచ్చు. టర్మ్ మొదలయ్యే ముందు ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు లీజు, టాక్స్ కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. మొదట నాన్‌రెసిడెంట్ అని పడితే ఊరుకోకండి, రెసిడెన్సీ ఫారం వేయండి.

ప్రశ్న: మాది గ్రీన్‌కార్డు కుటుంబం. మా అబ్బాయికి పెల్ గ్రాంట్ (చదువుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం) వచ్చింది. సెమిస్టర్ మధ్యలో కాలేజీకి వెళ్లడం మానేశాడు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు డబ్బు కట్టమని బిల్లు వచ్చింది. గ్రాంటంటే తిరిగివ్వక్కర్లేదు కదా?
— షికాగో నుంచి

జవాబు: టర్మ్‌లో 60 శాతం దాటేదాకా హాజరైతేనే ఆ డబ్బు పూర్తిగా మీది. 30 శాతం దగ్గర మానేస్తే 30 శాతమే సంపాదించినట్టు. మిగతాది ప్రభుత్వానికి వెళ్లాలి, కాలేజీ తన వాటా కట్టేసి ఆ మొత్తం మీకు బిల్లు వేస్తుంది. చెప్పకుండా మానేసినవాళ్లకు చాలాసార్లు టర్మ్ సగంలో మానేసినట్టు లెక్కేస్తారు. చివరిసారి క్లాసుకి వెళ్లిన తేదీకి రుజువులు, అంటే పరీక్ష, అసైన్‌మెంట్ పెట్టిన తేదీలు ఉంటే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి చూపండి. 60 శాతం తర్వాతదైతే బిల్లే మారిపోవచ్చు.

మళ్లీ చేరాలంటే ఇంకో అడ్డంకి. సాయం కొనసాగాలంటే సాధారణంగా 2.0 జీపీఏ, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పాసవడం అడుగుతారు. డబ్ల్యూ (మధ్యలో వదిలేసిన గుర్తు) పడ్డవీ తీసుకున్నవే. ఆ గీత కిందికి పడితే అప్పీలు చేసుకోవచ్చు. ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది అన్న రెండూ రాసి, ఆసుపత్రి కాగితంలాంటి ఆధారం జత చేయాలి. కారణం రాసి మార్పు రాయకపోతే తిరస్కరిస్తారు.

ప్రశ్న: మా బాబుకి డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది). స్కూల్లో ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం స్కూలు రాసే ప్రణాళిక) ఉంది, పరీక్షకి ఎక్కువ టైమ్ ఇస్తారు. కాలేజీలో అదే కొనసాగుతుందా?
— ఒక తల్లి, వర్జీనియా

జవాబు: కొనసాగదు. ఐఈపీ హైస్కూల్‌తోనే ముగుస్తుంది. కాలేజీలో హక్కు 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504, 1990 నాటి ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) కింద వస్తుంది. స్కూల్లో మీ బాబుని వెతుక్కుంటూ వచ్చారు. ఇక్కడ బాబే వెళ్లి చెప్పుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడ చట్టమే అలా రాసి ఉంది.

డిసెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి సైకాలజిస్టు పరీక్ష రిపోర్టు ఇవ్వాలి. ఐఈపీ కాగితం ఒక్కటే చాలకపోవచ్చు, రిపోర్టు పాతదైతే కొత్తది అడుగుతారు. పరీక్షకి అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పడుతుంది, హైస్కూల్లో ఉండగానే చేయించండి. ఆఫీసు ఒప్పుకున్నాక ఒక ఉత్తరం ఇస్తుంది. దాన్ని ప్రతి సెమిస్టర్ ప్రతి ప్రొఫెసర్‌కీ అందేలా చూసుకోవాల్సింది బాబే. ఉత్తరం అందకముందు రాసిన పరీక్షకు వెనక్కి వెళ్లి టైమ్ ఇవ్వరు, కాబట్టి మొదటి వారంలోనే అందించమనండి.