మిర్చి రేట్ల సైటుకి యాడ్స్ డబ్బులు ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తా. తేజ, 334, 341, బ్యాడిగి రకాల రేట్లు రోజూ కాగితం మీద రాసి నాకు ఫొటో తీసి పంపిస్తారు. ఆ ఫొటోని నేను నా వెబ్‌సైటులో పెడతాను. సైటులో యాడ్స్ వేసి మనకి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ నా సైటుకి వచ్చి ఆరు నెలలైంది. రోజుకి దాదాపు వెయ్యి సార్లు పేజీలు తెరుస్తున్నారు. చూపిస్తున్నది మాత్రం ముప్పై, నలభై రూపాయలే, అదీ ఇంకా బ్యాంకులో పడలేదు. నాలుగు ఫోన్లు పెట్టి మన యాడ్స్ మనమే నొక్కితే పెరుగుతుందని మా మరిది అంటున్నాడు. నొక్కమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మీ మరిదిని ఈ పనికి దూరంగా ఉంచండి. మనవాళ్లు నొక్కినవి దొంగ నొక్కులని గూగుల్ ఇట్టే పసిగడుతుంది. అకౌంటు మూసేస్తే ఇప్పటిదాకా చూపించిన డబ్బు కూడా ప్రకటనదారులకి వెనక్కి పోతుంది. పైగా ఇప్పుడు లెక్క ప్రధానంగా నొక్కుల మీద లేదు. 2024 నుంచి యాడ్ ఎన్నిసార్లు కనబడిందన్నదాన్ని బట్టి ఇస్తున్నారు.

డబ్బు బ్యాంకులో ఎందుకు పడలేదంటే, నూరు డాలర్లు పోగైతే గానీ పంపరు. మీ లెక్కన నెలకి వెయ్యి రూపాయలు, అటూ ఇటూగా. నూరు డాలర్లు కావాలంటే ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. ఎవరూ మోసం చేయలేదు, ఇంకా సమయం కాలేదంతే.

ఇక ఇంత తక్కువ ఎందుకన్నది. మీ పేజీ ఎవరైనా తెరిచిన క్షణంలోనే అక్కడి ఖాళీ జాగాకి వేలం జరుగుతుంది. మీవారు రోజూ చూసే యార్డు పాటలాంటిదే, కాకపోతే రెప్పపాటులో అయిపోతుంది. పాడేవాళ్లు ఎక్కువుంటే రేటు లేస్తుంది. యాడ్‌సెన్స్ 2003లో మొదలైనా తెలుగు పేజీలకి దారి తెరిచింది 2018లో. ఇంగ్లిషు పేజీలతో పోలిస్తే తెలుగు పేజీకి పాడేవాళ్లు ఇప్పటికీ తక్కువే. చూసే మనిషి ఏ దేశంలో ఉన్నాడన్నదీ లెక్కే. మా ఆవిడ విజయవాడలో కూర్చుని పచ్చళ్ల సైటు రాస్తుంది. ఆవకాయ కొలతల పేజీని సత్యనారాయణపురంలో పదిమంది చూసినదానికన్నా అమెరికాలో ఒకమ్మాయి చూసినదానికి ఎక్కువ వచ్చిన రోజులున్నాయి. మీ పాఠకులు పల్నాడు రైతులు. వాళ్లు అమెరికా వెళ్లి మిర్చి రేటు చూడరు కదా.

కానీ మీ చేతిలో ఉన్న తప్పు ఒకటుంది: ఆ ఫొటో. కాగితం ఫొటోలో ఏముందో గూగుల్‌కి సరిగ్గా అర్థం కాదు. పేజీ దేని గురించో తెలియనప్పుడు ఏ యాడ్ వేయాలో దానికెలా తెలుస్తుంది? రేట్లు టైపు చేయండి. ఊరికే అంకెలు కాకుండా నాలుగు ముక్కలు కలిపి రాయండి: ఇవాళ ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తేమ ఎక్కువుంటే ఎంత కోశారు, తాలుకాయ ఎంతకి పోయింది, కోల్డ్ స్టోరేజీ సరుకు కదిలిందా లేదా. ఇవి మీవారికి నోటికొచ్చిన సంగతులే. ఇప్పుడు రైతు వచ్చి, ఒక్క అంకె చూసి, పది సెకన్లలో వెళ్లిపోతున్నాడు. చదవడానికి ఏదైనా ఉంటే కాస్సేపు ఆగుతాడు. ఎండాకాలంలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు కూడా మీ సైటుకి రావడానికి ఒక కారణం ఉంటుంది.

యాడ్‌సెన్స్ సెట్టింగుల్లో తెర మొత్తం కప్పేసే యాడ్స్ ఆపేయండి. బస్తాల మధ్య నిలబడి పాత ఫోనులో రేటు చూసుకునే మనిషికి యాడ్ మూసే గుర్తు వెతుక్కునే ఓపిక ఉండదు. ఆదాయం కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గనివ్వండి.

అసలు నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. రోజుకి వెయ్యి సార్లు మిర్చి మనుషులు ఒకచోటికి రావడం గూగుల్‌కి చిన్న విషయం. యార్డు చుట్టుపక్కల పురుగుమందుల షాపు వాడికి, కోల్డ్ స్టోరేజీ వాడికి, గోతాలమ్మేవాడికి, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి అది చిన్న విషయం కాదు. నెలకి తలా ఐదువందలిచ్చేవాళ్లు ఇద్దరు దొరికితే గూగుల్ ఇచ్చేదానితో సమానం. యాడ్‌సెన్స్ ఉండగానే ఇలా సొంతంగా ప్రకటనలు వేసుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. పైన ‘ప్రకటన’ అని మాత్రం స్పష్టంగా రాయండి.

కమీషన్ షాపుల ప్రకటనలు తీసుకోవద్దు, ఎంతిస్తామన్నా సరే. మీవారు పనిచేసే షాపుదైతే అసలే వద్దు. ఒక్క రోజు ‘వీళ్ల రేటు వీళ్లే రాయించుకున్నారు’ అన్న మాట యార్డులో పుట్టిందంటే మీ పాఠకులంతా పోతారు. రేట్లు బయట పెడుతున్నట్టు ఆ షాపు యజమానికి తెలుసా? తెలియకపోతే ముందు ఆ మాట చెప్పించండి. రేపు మీవారి ఉద్యోగానికి టెన్షన్ రాకూడదు.

ప్రశ్న: యాడ్‌సెన్స్‌కి రెండుసార్లు అప్లై చేస్తే రాలేదు. ‘అప్రూవల్ అయిన అకౌంటు’ ఎనిమిది వేలకి ఇస్తామని ఒకాయన అంటున్నాడు. కొనమంటారా? - ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆ ఎనిమిది వేలు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. అప్లికేషన్‌కి గూగుల్ పైసా కూడా తీసుకోదు. అకౌంటు ఒకరి నుంచి ఇంకొకరికి మారదు. పేరు ఆయనది, గూగుల్ ఉత్తరం పంపే చిరునామా ఆయనది, రేపు డబ్బొస్తే ఎవరి బ్యాంకులో పడుతుందో నువ్వే ఆలోచించు. నీ సైటు చూశాను. ఉద్యోగ ప్రకటనలు వేరే సైట్ల నుంచి అక్షరం మార్చకుండా ఎత్తిపెట్టావు. తిరగ్గొట్టింది అందుకే. నీ కాలేజీ సంగతులు రాసినవి మూడు నాలుగు బాగున్నాయి. అలాంటివి పెంచి, ఎత్తిపోతలు తీసేసి, మళ్లీ అప్లై చెయ్యి. పద్దెనిమిదేళ్లు నిండాయి కదా? అది తప్పనిసరి.

ప్రశ్న: యాడ్‌సెన్స్‌లో పది డాలర్లు దాటాక, చిరునామా సరిచూడ్డానికి పిన్ (రహస్య అంకెలు) ఉన్న ఉత్తరం పంపుతామన్నారు. నెల దాటినా రాలేదు. - ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: అది మామూలు పోస్టులో వస్తుంది, రిజిస్టర్డ్ కాదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చిరునామాలో ‘గుడి ఎదురు సందు’ అని మాత్రమే రాస్తే కష్టం, డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ సరిచూసుకుని మళ్లీ పంపమని అడగండి. మీ పోస్ట్‌మ్యాన్‌కి ఒకమాట చెప్పి ఉంచండి, ఇలాంటి కవర్లు కరపత్రాల్లో కలిసిపోతుంటాయి. నాలుగు నెలల్లోపు ఆ పిన్ ఎక్కించకపోతే సైటులో యాడ్స్ ఆగిపోతాయి. పదే పదే అడిగినా రాకపోతే గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేసే వీలిస్తారు.

ప్రశ్న: ఈ యాడ్‌సెన్స్ డబ్బుకి ఇన్‌కం ట్యాక్స్ ఉంటుందా? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: డాలర్లలో వచ్చినా ఆదాయం ఆదాయమే. జీతం, అద్దె వగైరాలతో కలిపి మొత్తం చూసి రిటర్నులో చూపించాలి. బ్యాంకు వాళ్లు విదేశీ సొమ్ము ఎందుకొచ్చిందని అడిగితే ప్రకటనల ఆదాయమని రాసివ్వండి.