లెన్స్ కొనే ముందు ఫోటోను పెద్దది చేసి చూడండి
(పాఠకుల ప్రశ్నలు – ఫోటోగ్రఫీ)

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పక్షుల ఫోటోల గురించే. కొల్లేరు, పులికాట్, నేలపట్టు ప్రాంతాలకు సరదాగా కెమెరా పట్టుకొని వెళ్ళేవారు, తీసిన ఫోటోలను మిత్రుల బృందాలలో పంచుకున్నప్పుడు ఎదురయ్యే సందేహాలను రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము కొందరు మిత్రులం చలికాలంలో ఆదివారాలు కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి, తీసిన ఫోటోలను రాత్రికి వాట్సాప్‌లో పంచుకుంటాము. అందరి దగ్గరా 150–600 ఎంఎం లెన్సులు ఉన్నాయి. నా దగ్గర ఉన్నది కెనాన్ క్రాప్ సెన్సార్ డీఎస్ఎల్ఆర్, 55–250 లెన్స్. నా ఫోటోలలో గూడబాతులు (పెలికాన్లు) చిన్నగా, మసకగా వస్తున్నాయి. లెన్స్ మారిస్తే అంతా సర్దుకుంటుందని అంటున్నారు. అప్పు చేసైనా కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: అప్పు మాట ఇప్పుడే వద్దు. మీ ఉత్తరంలో రెండు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. పక్షి చిన్నగా రావడం ఒకటి, మసకగా రావడం మరొకటి. మొదటిదానికి పొడవైన లెన్స్ కొంతవరకు పనికివస్తుంది. రెండవదానికి చాలాసార్లు పనికిరాకపోగా, ఉన్న లోపాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

మసకగా వచ్చిన ఫోటోలను కంప్యూటర్‌లో నూరు శాతం సైజుకు పెంచి, పక్షినే కాకుండా దాని చుట్టూ ఉన్నవాటిని కూడా చూడండి. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు కనుక మీకు ఈ పరీక్ష తేలిక. ఆ కడ్డీల అంచులు చూస్తే చాలు. కడ్డీ, పక్షి రెండూ ఒకే దిక్కుకు లాగినట్టు ఉండి అంచులు రెండేసిగా కనిపిస్తే, మీ చేయి కదిలిందన్నమాట. కడ్డీ తేటగా ఉండి రెక్క మాత్రమే చెరిగిపోతే కదిలింది పక్షి. వెనకున్న కొమ్మ స్పష్టంగా ఉండి పక్షి మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎక్కడా స్పష్టత లేక, నిటారుగా ఉండవలసిన కడ్డీ కూడా వంకరలు తిరిగినట్టు కనిపిస్తే, అది ఎండకు నీటి మీద నుంచి, గట్టు మీద నుంచి లేచే వేడిగాలి చేసిన పని.

చేయి కదలడానికీ, పక్షి కదలడానికీ షట్టర్ వేగమే మందు. మీ క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) మీద 250 ఎంఎం లెన్స్, ఫుల్ ఫ్రేమ్ మీద 400 ఎంఎం లెన్స్ చూపేంత దృశ్యాన్నే చూపుతుంది (కెనాన్‌లో లెక్క 1.6 రెట్లు). కాబట్టి చేత్తో పట్టుకొని తీసేటప్పుడు, ఆ 400 అంకెనే షట్టర్ అంకెగా తీసుకొని, 1/400 సెకను కంటే నెమ్మదిగా వెళ్ళకపోవడం మంచిది. లెన్స్‌లోని స్టెబిలైజర్ మీ చేతి వణుకును మాత్రమే అదుపు చేస్తుంది, పక్షి కదలికను ఆపలేదు. కూర్చున్న పక్షికి 1/500, ఎగిరే పక్షికి 1/1600 నుంచి 1/2000 వరకు పెట్టుకొని, అందుకు తగినట్టు ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 800కో 1600కో పెరిగినా వెనుకాడకండి. ఫోటోలో కాస్త గరుకు ఉన్నా సాఫ్ట్‌వేర్‌తో సరిచేయవచ్చు, చెరిగిపోయిన ఈకలను మాత్రం మళ్ళీ తీసుకురాలేము. ఫోకస్ తప్పుతున్నట్టయితే కెమెరాను ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్ పద్ధతి) పెట్టి, ఒకే ఒక్క ఫోకస్ బిందువును పక్షి తల మీద ఉంచండి. ఇక వేడిగాలికి ఏ లెన్స్‌తోనూ విరుగుడు లేదు. ఎండ ముదరక ముందే తీయడం, పక్షికీ మీకూ మధ్య దూరం తగ్గించుకోవడం మాత్రమే చేయగలిగినవి. వేడిగాలి ఉన్న సమయంలో 600 ఎంఎం లెన్స్ ఆ వంకరలను మరింత పెద్దవి చేస్తుంది.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా పక్షి చిన్నగానే ఉందనిపిస్తే అప్పుడు పొడవైన లెన్స్ గురించి ఆలోచించవచ్చు. 250 నుంచి 600కు వెళితే పక్షి సుమారు 2.4 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, అది తక్కువ లాభమేమీ కాదు. అయితే ఆ లెన్సులు దాదాపు రెండు కిలోల బరువుంటాయి, 600 దగ్గర ఎఫ్ 6.3కు మించి తెరుచుకోవు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ ద్వారం, అంటే అపెర్చర్, చిన్నదవుతుంది). అంటే మీ ఇప్పటి లెన్స్ ఇచ్చే ఎఫ్ 5.6 కన్నా వెలుతురు కొంచెం తక్కువగా వస్తుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక రోజుకు అద్దెకు తీసుకొని, పడవలో కూర్చొని ఒక పూట వాడి చూసిన తరువాతే నిర్ణయించుకోండి.

మరొక మాట కూడా చెప్పాలి. ఫోటో పెట్టగానే ‘ఏ లెన్స్?’ అని అడగడం మన బృందాలలో అలవాటైపోయింది. ఎన్ని గంటలకు తీశారు, ఎంత దూరంలో నిలబడ్డారు, షట్టర్ ఎంత అని అడిగితే అడిగినవారికీ చెప్పినవారికీ ఉపయోగం. పక్షి ఎప్పుడూ ఫ్రేమ్ నిండా ఉండాలన్న పట్టుదల కూడా అవసరానికి మించి ఉన్నదని నా అభిప్రాయం. వరుసగా నిలబెట్టిన ఆ ఇనుప స్టాండ్లు, వాటి మీద కిక్కిరిసిన గూళ్ళు, కింద నీళ్ళు, వెనక గట్టు కలిసి కనిపించే ఫోటో కొల్లేరు గురించి చెప్పే సంగతులు ఒక్క ముక్కును దగ్గరగా చూపే ఫోటో చెప్పలేదు. ఆ ఫోటోకు మీ 55–250 సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: నికాన్ డీ5600 కోసం ఒక దుకాణంలో పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లెన్స్ కొన్నాను. ఆటోఫోకస్ అసలు కదలడం లేదు, ఒక్కోసారి తెర మీద ఎఫ్ఈఈ అని వస్తోంది. లెన్స్ చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: చెడిపోయి ఉండకపోవచ్చు. మీ లెన్స్‌లో మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారు ఒక చిన్న ఇనుప మర ద్వారా దాన్ని తిప్పాలి. నికాన్ డీ3000, డీ5000 శ్రేణుల బాడీలలో ఆ మోటారు లేదు, డీ7000 శ్రేణిలో ఉంది. అందుకే అదే లెన్స్ డీ7000 శ్రేణి కెమెరా మీద చక్కగా పనిచేసి మీ దగ్గర మొరాయిస్తుంది. ఎఫ్ఈఈ అని రావడానికి కారణం వేరు. లెన్స్ మీద ఉన్న అపెర్చర్ రింగ్‌ను 22 అంకె దగ్గరకు తిప్పి, పక్కనున్న లాక్ వేయండి, అది పోతుంది. ఆ తరువాత చేత్తో ఫోకస్ తిప్పుతూ, వ్యూఫైండర్ అడుగున వెలిగే చిన్న ఆకుపచ్చ చుక్కను చూసుకుంటే మనుషుల ఫోటోలు నిదానంగా బాగానే తీయవచ్చు.

ఆటోఫోకస్ తప్పనిసరి అయితే, లోపలే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం 1.8జీతో మార్చుకోండి. రేపు నికాన్ జెడ్ మిర్రర్‌లెస్‌కు మారినా, పాత లెన్సులను దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో కూడా మోటారు లేదు కనుక డీ లెన్స్ అక్కడ కూడా చేతి ఫోకస్‌తోనే పనిచేస్తుంది. కెనాన్‌లో ఈ తలనొప్పి లేదు, 1987లో ఈఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక) వచ్చినప్పటి నుంచి మోటారు లెన్స్‌లోనే ఉంటోంది. పాత లెన్స్ కొనేటప్పుడు మీ సొంత బాడీని వెంట తీసుకువెళ్ళి, తగిలించి చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: తెల్లకొంగను తీస్తే ఈకలు కనిపించక తెల్లటి ముద్దలా వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, సూళ్ళూరుపేట

సమాధానం: వెలుతురును కొలిచే కెమెరా మీటర్ తాను చూసినదాన్నంతా మధ్యస్థమైన బూడిద రంగుగా ఎంచి వెలుతురు నిర్ణయిస్తుంది. ముదురు పచ్చటి తుంగ ముందు కొంగ నిలబడితే, చీకటిగా ఉన్న ఆ తుంగను కాపాడబోయి కొంగకు వెలుతురు ఎక్కువ ఇస్తుంది. కెమెరా నిర్ణయించిన వెలుతురును మనం పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి. తెల్లటి ఆకాశం ముందు ఎగురుతున్న కొంగకు ఇది తలకిందులవుతుంది, అక్కడ ప్లస్ వైపు వెళ్ళాలి. తెలుపు పోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరికను కెమెరా మెనూలో ఆన్ చేసుకుంటే, తప్పు జరిగిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. వీలైతే రా (RAW, సెన్సార్ సమాచారాన్ని కుదించి మార్చకుండా దాచే) ఫైలులో తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే 14 బిట్ రాలో 16,384 ఉంటాయి, ఈకల మధ్యనున్న లేత తేడాలు నిలిచేది వాటిలోనే. అయితే పూర్తిగా కాలిపోయిన తెలుపును రా కూడా తిరిగి ఇవ్వలేదు.

ప్రశ్న: కాకినాడలో ఉంటాము. బీరువాలో తోలు సంచిలో పెట్టిన లెన్స్ లోపల సాలెగూడు దారాల వంటివి కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకుడు

సమాధానం: అది బూజు. దాని బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, చీకటి, తేమ, గాలి ఆడని చోటు దొరికితే లెన్స్‌లోనే పెరుగుతాయి. తోలు సంచీ, బట్టల బీరువా తేమను పట్టి ఉంచుతాయి కనుక సముద్రతీర పట్టణాలలో లెన్సులకు అంతకంటే చెడ్డ చోటు లేదు. ఇప్పుడు ఉన్నది దారాల దశలోనే ఉంటే అనుభవమున్న మెకానిక్ విప్పి శుభ్రం చేయగలరు. అద్దం మీది పూతను తినేసి ఉంటే మరక మిగిలిపోతుంది. అంతవరకు ఆ లెన్స్‌ను మిగిలినవాటికి దూరంగా ఉంచండి.

డ్రై క్యాబినెట్ (లోపలి తేమను అదుపు చేసే అల్మారా) కొనే స్తోమత ఉంటే అదే ఉత్తమం. లేకపోతే రబ్బరు అంచుతో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమను చూపే చిన్న మీటరు వేసి, అంకె 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా జెల్‌లో నీలిరంగుది తేమ తాగి గులాబీ రంగుకు, నారింజరంగుది ఆకుపచ్చకు మారుతుంది. వేడిచేస్తే మళ్ళీ పనికివస్తుంది. నీలిరంగు దానిలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికర పదార్థం ఉంటుంది, కనుక నారింజది కొనండి. ఏదైనా సరే, వంటకు వాడే మూకుడులో మాత్రం వేయించవద్దు. కొందరు చెప్పినట్టు బియ్యంలో లెన్స్ పెట్టడం మంచిది కాదు, ఆ పిండి లోపలికి చేరుతుంది. అన్నిటికన్నా మేలైనది, లెన్స్‌ను తరచు బయటకు తీసి వాడటం.

ప్రశ్న: మా ఊరి చెరువు పక్కన తీతువు గుడ్లు పెట్టింది. ఫోటో తీసి పంపితే వాట్సాప్‌లో నాణ్యత పడిపోయింది. డాక్యుమెంట్‌గా పంపమన్నారు, చోటు ఎక్కడో కూడా చెప్పమంటున్నారు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: నాణ్యత సంగతి తేలిక. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి పంపుతుంది. హెచ్‌డీ ఎంచుకుంటే కొంత నయం, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. కానీ ఉన్నదున్నట్టు చేరడమంటే, ఫోటోతో పాటు ఫోన్ ఆ ఫైలు లోపల రాసిపెట్టిన జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు కూడా చేరడమే. అంటే మీరు నోటితో చోటు చెప్పకపోయినా, ఆ ఫైలు తెరిచినవారెవరైనా నేరుగా ఆ గుడ్ల దగ్గరకు నడిచి రాగలరు. కాబట్టి గ్యాలరీలో ఆ ఫోటో వివరాలు తెరిచి లొకేషన్ తొలగించాకే పంపండి. పక్షుల కోసం వెళ్ళేటప్పుడు ఫోన్ కెమెరా సెట్టింగులలో లొకేషన్‌ను ఆపివేసి ఉంచడం ఇంకా మంచిది.

అసలు ఈ ఫోటోను గుడ్లు పొదిగి పిల్లలు వెళ్ళిపోయేదాకా ఎవరికీ పంపవద్దని నా విన్నపం. తీతువు గూడంటూ కట్టదు, కటిక నేల మీద గుంటలో గుడ్లు పెడుతుంది. మట్టి రంగులో మచ్చలతో ఉండి కనిపించకపోవడమే ఆ గుడ్లకు ఉన్న ఏకైక రక్షణ. మనం దగ్గరకు వెళితే తల్లి లేచి అరుస్తూ మన మీద చక్కర్లు కొడుతుంది. మనం కెమెరా సర్దుకుంటున్నంతసేపూ ఆ గుడ్లు ఎండకు మాడుతుంటాయి, ఆ అలజడిని కాకులు గమనిస్తుంటాయి. ఒకరు వెళితే జరిగే నష్టం ఒక ఎత్తు, బృందంలోని వారంతా వరుసగా వెళితే జరిగేది మరొక ఎత్తు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది. గూడు ఫోటోలకు ‘అద్భుతం’ అని రాసే ముందు, తల్లి కంగారు పడకుండానే తీశారా అని అడిగే బాధ్యత బృందంలోని ప్రతి ఒక్కరికీ ఉంది.

గూళ్ళను చూడాలన్న కోరికలో తప్పు లేదు. అది మీ జిల్లాకు దగ్గరలోనే తీరుతుంది. నేలపట్టులో నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. కావలి గోపురం ఎక్కి దూరం నుంచి చూస్తే వాటికి మన ఉనికితో ఇబ్బంది ఉండదు, తల్లి నోట్లోకి పిల్ల తల దూర్చి చేప తినే దృశ్యం ఓపికగా ఉంటే దొరుకుతుంది. తీసిన ఫోటో కింద పక్షి పేరు, జిల్లా పేరు, నెల రాయండి, అది చాలు.

ప్రశ్న: ప్రదర్శనకు 12×18 అంగుళాల ప్రింట్ అడిగారు. క్రాప్ చేశాక నా ఫోటో 3000×2000 పిక్సెళ్ళు మాత్రమే ఉంది. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అంగుళానికి 300 చుక్కల లెక్కన 12×18కు 5400×3600 పిక్సెళ్ళు కావాలి. మీ దగ్గర ఉన్నది అంగుళానికి 167 దగ్గర ఆగిపోతుంది. గోడ మీద పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసేదైతే నెట్టుకురావచ్చు, దగ్గరగా చూస్తే ఈకలు మెత్తబడి కనిపిస్తాయి. నిర్వాహకులు ఒప్పుకుంటే 8×12లో వేయించండి, అంగుళానికి 250 వస్తుంది, చక్కగా ఉంటుంది. లేదా క్రాప్ తగ్గించి, పక్షి చుట్టూ ఉన్న నీటిని కొంత కలుపుకొని చూడండి. ల్యాబ్‌కు ఎస్ఆర్‌జీబీ (మామూలుగా వాడే రంగుల ప్రమాణం) ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లో పంపిన కాపీ ఇవ్వవద్దు. కంప్యూటర్ తెర వెలుగు ఎక్కువగా పెట్టుకొని ఎడిట్ చేస్తే ప్రింట్ చీకటిగా వస్తుంది, కనుక ముందు అదే కాగితం మీద 4×6 ఒకటి వేయించి చూసి, అవసరమైతే కొంచెం వెలుగు పెంచి పెద్దది వేయించండి.