యాసా, మాండలికమా?

సందేహం: "తెలంగాణ యాస" అని ఒకచోట, "తెలంగాణ మాండలికం" అని ఇంకోచోట చదువుతున్నాం. రెండూ ఒకటేనా? నేను పిల్లల కోసం ప్రపంచ భాషల గురించి చిన్న చిన్న వ్యాసాలు రాస్తున్నాను. బ్రిటిష్ ఇంగ్లీషు, మెక్సికో స్పానిష్ లాంటివాటిని యాసలనాలా, మాండలికాలనాలా? మా ఇంట్లో ఒకరు "యాస లేకుండా మాట్లాడితేనే అది అసలు భాష" అంటుంటారు. అలాంటి భాష ఎక్కడైనా ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. లేదు. ఏ దేశంలోనూ లేదు. నోరు తెరిచి మాట్లాడే ప్రతి మనిషికీ ఏదో ఒక యాస ఉంటుంది. మనం పెరిగిన చోట అందరూ మనలాగే పలుకుతారు కాబట్టి మన యాస మన చెవికి తెలియదు, అంతే. "వాడికి యాస ఉంది" అన్నామంటే "వాడు నాలా పలకడం లేదు" అన్నట్టే. ఆ వాడు కూడా మన గురించి సరిగ్గా అదే మాట అంటుంటాడు.

మిగతావాటికి కాస్త వివరం కావాలి. యాస అనేది పలికే తీరుకు సంబంధించినది. ఏ అక్షరాన్ని ఎలా పలుకుతాం, ఎక్కడ సాగదీస్తాం, ఎక్కడ ఊనుతాం, వాక్యం చివర గొంతు లేస్తుందా పడుతుందా, ఇవన్నీ యాస. మాండలికంలో ఇవన్నీ ఉంటాయి, వాటితోపాటు మాటలూ, క్రియారూపాలూ, వాక్యం కట్టే పద్ధతీ మారతాయి. సులువుగా తేల్చుకోవాలంటే ఒక మనిషి మాట్లాడింది మాట్లాడినట్టు కాగితం మీద రాసి, వేరే ప్రాంతంవాళ్ల చేతికివ్వండి. తేడా మాయమైపోతే అది యాస. కాగితం మీద కూడా కనపడుతూనే ఉంటే అది మాండలికం.

అందుకే "ఫలానా యాసలో రాసిన కథ" అన్న మాట నాకు మింగుడుపడదు. కథలో "వచ్చిండు", "పోతున్నడు" అని ఉంటే అది మాండలికంలో రాసిన కథ. యాస ఆ కథను ఎవరైనా పైకి చదివినప్పుడు వినపడుతుంది. ఒకే పత్రికలోని ఒకే వార్తను అనంతపురం మనిషి, ఆదిలాబాద్ మనిషి, శ్రీకాకుళం మనిషి చదివితే భాష ఒకటే, యాసలు మూడు.

ఈ పరీక్షలో ఒక చిన్న చిక్కు ఉంది. మన లిపి మనం పలికేవన్నీ చూపించదు. "వచ్చాడు" అని రాస్తాం గానీ కోస్తాలో చాలామంది అక్కడ పలికేది "ఆ" కాదు. "ఏ"కీ "ఆ"కీ మధ్య ఉండే అచ్చు, "బ్యాంకు"లో వినపడేది. అలాగే "చదువు"లో చ, "చెట్టు"లో చ ఒకటి కావు. వెనకటి పుస్తకాల్లో మొదటిదాని నెత్తిన "౨" లాంటి గుర్తు వేసేవారు. ఇప్పుడు అదీ లేదు. కాబట్టి కాగితం మీద తేడా కనపడకపోతే నోటిలోనూ తేడా లేదనుకోకూడదు.

ఇక "వచ్చాడు", "వచ్చిండు", "వచ్చినాడు" అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకటే పాత రూపం, "వచ్చినాఁడు". రాయలసీమ దాన్ని దాదాపు అలాగే ఉంచుకుంది. తెలంగాణలో దీర్ఘం పోయింది, ముక్కుతో పలికే ధ్వని నిలిచింది. కోస్తా మధ్య జిల్లాల్లో ముక్కుధ్వని పోయింది, దీర్ఘం నిలిచింది, ఆ దీర్ఘం రంగు కూడా మారింది. అరుగుదల అనే మాట వాడదలచుకుంటే రెండు చోట్లా అరిగింది. వీళ్లు ఒకటి వదులుకున్నారు, వాళ్లు ఇంకోటి వదులుకున్నారు. కానీ ఒక రూపం బడి పుస్తకంలోకి ఎక్కింది, ఇంకో రూపం సినిమాల్లో చాలాకాలం హాస్యపాత్రల నోటికే పరిమితమైంది. ఈ తేడా చేసింది వ్యాకరణం కాదు. ఏ ప్రాంతంలో అచ్చుయంత్రాలు, కళాశాలలు, పత్రికలు ముందు వచ్చాయన్నదే చేసింది. "శుద్ధమైన తెలుగు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ మూడు క్రియలే గుర్తొస్తాయి.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. ఇంగ్లీషులో "కార్", "ఫోర్" లాంటి మాటల చివర ఉన్న "ర"ను తీసుకోండి. దక్షిణ ఇంగ్లండులో చదువుకున్నవాళ్లు దాన్ని పలకరు. పలికితే అక్కడ పల్లెటూరి మాట కింద లెక్క. స్కాట్లండులోనూ ఐర్లండులోనూ పలుకుతారు, అమెరికాలో ఎక్కువ భాగం పలుకుతుంది. న్యూయార్క్‌లో మాత్రం ఒకప్పుడు చాలామంది పలికేవారు కాదు. అక్కడ దాని హోదా ఏమిటో కనిపెట్టడానికి విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1962లో ఒక తమాషా పని చేశాడు. సాక్స్, మేసీస్, క్లైన్ అనే మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు. మొదటిది బాగా ఖరీదైనది, రెండోది మధ్యరకం, మూడోది చవక. నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఏదో ముందే చూసుకుని, అది ఎక్కడుందని సిబ్బందిని అడిగేవాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని జవాబు వచ్చేది. వినపడనట్టు కాస్త ముందుకు వంగి మళ్లీ అడిగేవాడు. రెండోసారి వాళ్లు నొక్కి చెప్పేవారు. పక్కకు వెళ్లి, "ర" వినపడిందా లేదా అని రాసుకునేవాడు. అలా 264 మందిని అడిగితే, ఆ "ర"ను పూర్తిగానో కొంతగానో పలికినవాళ్లు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో 20 శాతం తేలారు. దుకాణం ఖరీదు పెరిగేకొద్దీ "ర" పెరిగింది. అదే "ర" అట్లాంటిక్ అవతల, ఇంగ్లండులో పరువు తక్కువ. ధ్వనిలో పరువూ లేదు, మోటూ లేదు, పలికేవాడి స్థాయే దానికి అంటుకుంటుంది అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

యాస మీద చిన్నచూపు ఎంతదాకా పోతుందో చెప్పడానికి ఒక్క సంగతి. 1941లో బీబీసీ యార్క్‌షైర్ యాస ఉన్న విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత దేశమంతటికీ వార్తలు చదివించింది. ఆయన చదివింది ప్రామాణిక ఇంగ్లీషే, వ్యాకరణంలో వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఆ గొంతులో వింటుంటే వార్త నమ్మబుద్ధి కావడం లేదని శ్రోతలు గొడవ చేశారు. నార్వేలో ఇలాంటి టెన్షన్ లేదు. అక్కడ రాతకు రెండు ప్రమాణాలున్నాయి గానీ మాటకు చట్టం పెట్టిన ప్రమాణం లేదు. పార్లమెంటులో కూడా ఎవరి మాండలికం వాళ్లు మాట్లాడతారు. బడిలో నోటితో చెప్పే చదువు పిల్లల సొంత మాటలోనే సాగాలని వాళ్లు 1878లోనే తీర్మానం చేసుకున్నారు.

ఇప్పుడు మీ వ్యాసాల సంగతికి వద్దాం. "బ్రిటిష్ యాస" అని ఒకటి లేదు. గ్లాస్గో, లివర్‌పూల్, లండన్ మూడూ మూడు రకాలు. మనం సినిమాల్లో విని ఆ పేరుతో పిలిచేది చదువూ డబ్బూ ఉన్న వర్గం యాస, దాన్ని పుట్టుకతో మాట్లాడేవాళ్లు అక్కడ కొద్దిమందే. కాబట్టి "స్కాటిష్ యాస", "లివర్‌పూల్ యాస" అని విడివిడిగా రాయండి. ప్రామాణిక ఇంగ్లీషును ఏ యాసతోనైనా మాట్లాడవచ్చు. యార్క్‌షైర్ పాతతరం వాళ్లలా "నువ్వు" అనడానికి "యూ" బదులు "థౌ", "థీ" వాడుతుంటే మాత్రం అప్పుడు మాండలికం అనండి.

స్పానిష్‌లో రెండూ ఉన్నాయి. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల ఇల్లు "కాసా", వేట "కాథా". ఆ రెండో దానిలోని ధ్వనికి నాలుక పళ్ల మధ్యకు వస్తుంది. లాటిన్ అమెరికాలో రెండూ "కాసా"యే. ఇది యాస. కానీ అర్జెంటీనాలో "నువ్వు" అనడానికి "తూ" బదులు "వోస్" అంటారు, దాంతో క్రియ కూడా మారుతుంది. "నీకు ఉంది" అనే అర్థంలో ఒకరిది "తూ తియేనెస్", ఇంకొకరిది "వోస్ తెనేస్". ఇది మాండలికం. మీరు అడిగిన మెక్సికోలో "తూ" అలాగే ఉంది గానీ, చనువైన పలువురిని పిలవడానికి స్పెయిన్‌లో ఉన్న "వోసోత్రోస్" పోయింది. స్నేహితుల గుంపునైనా, పెద్దల గుంపునైనా "ఉస్తేదెస్" అనే అంటారు. మనం పదిమంది చిన్నపిల్లల్నీ "మీరు" అనే పిలిచినట్టు. కాబట్టి మెక్సికో స్పానిష్ మాండలికమే.

జపానులో యాస అక్షరంలో కాకుండా గొంతు ఎత్తులో దొరుకుతుంది. "హషి" అన్న మాటను మొదట ఎత్తి తర్వాత దించితే టోక్యోలో తినే పుల్లలు, మొదట దించి తర్వాత ఎత్తితే వంతెన. క్యోటో, ఒసాకాల వైపు సరిగ్గా తిరగబడుతుంది.

మాండలికానికీ భాషకూ మధ్య గీత ఎక్కడ అన్నది మీరు అడగలేదు గానీ, ప్రపంచ భాషల గురించి రాసేవాళ్లు దాన్ని తప్పించుకోలేరు. బ్రిటిష్ పాలన కాలంలో జార్జ్ గ్రియర్సన్ అనే అధికారి మన దేశపు భాషల సర్వే చేసి 179 భాషలు, 544 మాండలికాలు అని లెక్క చెప్పాడు. ఆయనే ఇంకోమాట కూడా అన్నాడు: భాషకూ మాండలికానికీ తేడా పర్వతానికీ గుట్టకూ ఉన్న తేడా లాంటిది, ఎవరెస్టును చూసి ఎవరూ తడబడరు గానీ మధ్యలో గీత ఎక్కడ గీయాలో చెప్పలేం అని. ఆ గీతను చాలాసార్లు ప్రభుత్వాలే గీస్తాయి. బీజింగ్ మనిషి మాట్లాడేది హాంకాంగ్ కాంటనీస్ మనిషికి నేర్చుకోకపోతే అర్థం కాదు, అయినా రెండింటినీ చైనీస్ మాండలికాలంటారు. సెర్బో-క్రొయేషియన్ అని యుగోస్లావియా ఉన్నంతకాలం ఒకే పేరుతో పిలిచిన భాష, ఆ దేశం ముక్కలయ్యాక సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనెగ్రిన్ అని నాలుగు భాషలైంది. వాటిలో చివరిది రాజ్యాంగంలోకి ఎక్కింది 2007లో. మాట్లాడుకుంటే ఒకరికొకరు హాయిగా అర్థమవుతారు.

పేరు పెట్టడంలో ఏముంది అనుకోవద్దు. జపాను దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల మాటను భాషాశాస్త్రవేత్తలు జపనీస్‌కు చుట్టమైన వేరే భాష అంటారు. ప్రభుత్వం చాలాకాలం దాన్ని మాండలికం అంది. మాండలికమే కదా, మానిపించవచ్చు అనుకున్నారు. బడిలో ఆ మాట మాట్లాడి దొరికిన పిల్లవాడి మెడలో "మాండలికం పలక" అనే చెక్క వేలాడదీసేవారు. ఇంకొకడు దొరికేదాకా అది వాడి మెడలోనే ఉండేది. పిల్లలే ఒకరి మీద ఒకరు నిఘా పెట్టే ఏర్పాటు అన్నమాట. ఇప్పుడు అక్కడ ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లే.

పటాలు గీసేటప్పుడు ఒక జాగ్రత్త. మాండలికాలకు జిల్లా సరిహద్దుల్లాంటి గీతలుండవు. 1876లో గేయోర్గ్ వెంకర్ జర్మనీలో బడిపంతుళ్లకు వాక్యాలు పంపి, మీ ఊళ్లో ఇది ఎలా అంటారో రాసి పంపమని అడగడం మొదలుపెట్టాడు. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య ఒక చక్కని గీత దొరుకుతుందని ఆశ. రైన్ నది దగ్గరకు వచ్చేసరికి ఆ గీత విసనకర్రలా విచ్చుకుంది. "నేను"కు "ఇక్" పోయి "ఇఖ్" వచ్చేది ఒకచోట, "చేయడం"కు "మాకెన్" పోయి "మాఖెన్" వచ్చేది ఇంకోచోట, "ఊరు"కు "దోర్ప్" పోయి "దోర్ఫ్" వచ్చేది మరోచోట. కొలోన్ నగరంవాళ్ల నోట మొదటి రెండింటికీ దక్షిణపు రూపం, మూడోదానికి ఉత్తరపు రూపం. వాళ్లను ఏ రంగులో వేస్తారు? మన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వృత్తిపదాల సర్వే చేయించి (వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది) తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూపించారు. ఆ నాలుగూ మధ్యలో గట్టిగా, అంచుల్లో కలగాపులగంగా ఉంటాయి. ఒక్కో మాట ఎల్లలు ఒక్కో దారిన పోతాయి. పిల్లల పటంలో అంచుల దగ్గర రంగులు కలిసిపోయేలా వేయించండి.

ఇంకో మాట. ఈ మధ్య యాసకు బదులు "స్లాంగ్" అనడం బాగా పెరిగింది. "గోదావరి స్లాంగ్", "సీమ స్లాంగ్" అని. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం వేరు. కుర్రకారు, ఒక వృత్తివాళ్లు, ఒక ముఠావాళ్లు తమలో తాము వాడుకునే గుంపు మాటలు అని. ఒక ప్రాంతంవాళ్లంతా తాతల నాటి నుంచి మాట్లాడుకునేది స్లాంగ్ కాదు. మాటల్లో ఎవరైనా అంటే నేను దిద్దను, తెలుగులో ఆ మాటకు ఇప్పటికే ఇంకో అర్థం స్థిరపడింది. మీ వ్యాసాల్లో మాత్రం రానివ్వకండి. చదివిన పిల్లవాడు రేపు ఇంగ్లీషులో అదే మాట అదే అర్థంతో వాడితే అవతలివాళ్లు ఇంకోలా అర్థం చేసుకుంటారు.