మోకాలి ఆపరేషన్‌కి ముందు పళ్ల డాక్టర్‌కి చూపించాలా?

మీ నాన్నగారికి మోకీలు మార్పిడి చేస్తామని చెప్పి, ముందు పళ్లు చూపించుకుని రమ్మన్నారనీ, ఆయనకి పంటి నొప్పే లేదు కాబట్టి ఎగ్గొట్టొచ్చా అనీ అడిగారు. ఎగ్గొట్టకండి. మా అమ్మ కూడా "నొప్పి మోకాలికైతే నోరు తెరవమంటారేంటి" అని ఒకటే విసుక్కుంది.

నొప్పి లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదండీ. అమ్మకి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన దవడ పన్ను ఒకటుంది, రోజూ దాంతోనే నమిలేది. దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తే ఆ పన్ను వేరు చివర గుండ్రంగా నల్లటి మచ్చ కనబడింది, ఇన్ఫెక్షన్‌తో అక్కడ ఎముక కరిగిపోయిందట. పన్ను పీకించి, గాయం మానిందని పళ్ల డాక్టర్ రాసిచ్చాకే సర్జన్ డేట్ ఇచ్చారు.

ఇలాంటి పళ్ల నుంచీ, వాచిన చిగుళ్ల నుంచీ బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతూ ఉంటుంది. మామూలుగా ఒళ్లే దాన్ని చంపేస్తుంది. కానీ కొత్త కీలు లోహం, ప్లాస్టిక్, దానికి రక్తప్రసరణ ఉండదు, బ్యాక్టీరియా దానికి అతుక్కుని పొర కట్టిందంటే ఆ పొరలోకి యాంటీబయాటిక్స్ సరిగ్గా దిగవు. ముదిరితే పెట్టిన కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ తాత్కాలికంగా పెట్టి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఈ ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికే వస్తుంది, అందులోనూ నోటి నుంచి వచ్చేది తక్కువ, చర్మం మీది క్రిములదే పెద్ద వాటా. అందుకని భయపడిపోనక్కర్లేదు, కానీ చేతిలో ఉన్న జాగ్రత్త వదులుకోవడం ఎందుకు?

ఇంకోటి, ఇప్పుడైతేనే సులువు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు, అప్పుడు పన్ను పీకడమంటే రక్తస్రావం టెన్షన్. అత్యవసరం కాని పంటి పనులు దాదాపు మూడు నెలలు ఆగమంటారు కూడా. నాన్నగారికి షుగర్ ఉన్నా, ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నా పళ్ల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఆ మందుల్లో కొన్నిటితో పన్ను పీకాక దవడ ఎముక మానడం కష్టమవుతుంది. కదిలే పన్ను ఉంటే మత్తు డాక్టర్‌కి కూడా చెప్పాలి, గొంతులో గొట్టం వేసేటప్పుడు ఊడిపోవచ్చు.

తర్వాత జీవితాంతం పళ్ల పనికి ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని ఎవరైనా అంటే వెంటనే కొనేయకండి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015లోనే కృత్రిమ కీళ్లున్నవారికి అది సాధారణంగా అవసరం లేదంది. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ల లాంటి కొందరి సంగతి వేరు, అది మీ సర్జన్‌నే అడగండి.