బ్యాక్టీరియా చచ్చాక కూడా దాని టాక్సిన్‌కి జ్వరం ఎందుకొస్తుంది?

బ్యాక్టీరియా చచ్చిపోయినా దాని టాక్సిన్ వల్ల జ్వరం, వాపు ఎందుకొస్తాయి, ఆ విషం రోగనిరోధక కణాన్ని ఏం చేస్తుంది అని అడిగారు. నేను కొన్నేళ్లు ల్యాబ్‌లో మాక్రోఫేజ్ కణాలకు (సూక్ష్మజీవుల్ని మింగేసే రోగనిరోధక కణాలు) ఎండోటాక్సిన్ ఇచ్చి చూసే పని చేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఎండోటాక్సిన్ అంటే ఎల్‌పీఎస్ (లిపోపాలీశాకరైడ్), కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో అదొక భాగం. బ్యాక్టీరియా చచ్చి పగిలితే అది ఇంకా ఎక్కువగా బయటపడుతుంది. పేరులో టాక్సిన్ అని ఉన్నా, ఎక్కువ నష్టం చేసేది అది కాదు, దాన్ని గుర్తుపట్టి మన కణాలు చేసే హడావిడి. సీ3హెచ్/హెచ్ఈజే అనే ఎలుకలకు, మామూలు ఎలుకల్ని చంపేసే మోతాదులో ఎల్‌పీఎస్ ఇచ్చినా తట్టుకుంటాయి. కారణాన్ని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం పట్టుకుంది: వాటిలో ఎల్‌పీఎస్‌ని గుర్తుపట్టే టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ జీన్ చెడిపోయి ఉంది. ఈ పనికే ఆయనకు 2011లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. అలాగని ఆ ఎలుకలు అదృష్టవంతులేమీ కావు. బతికున్న సాల్మొనెల్లా సోకితే మిగతావాటికంటే తేలిగ్గా చనిపోతాయి.

రక్తంలో ఎల్‌బీపీ అనే ప్రోటీన్ ఎల్‌పీఎస్‌ని పట్టుకుని కణం మీదున్న సీడీ14 అనే ప్రోటీన్‌కి ఇస్తుంది, అక్కణ్నుంచి అది ఎండీ-2, టీఎల్ఆర్4 జంటకు చేరుతుంది. దాంతో కణం లోపల ఎన్ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్‌ని ఆపి ఉంచే మరో ప్రోటీన్ నాశనమైపోతుంది. విడుదలైన ఎన్ఎఫ్ కప్పా బి న్యూక్లియస్‌లోకి వెళ్లి టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి సైటోకైన్ల (వాపు, జ్వరం తెప్పించే సంకేత ప్రోటీన్లు) జీన్లను ఆన్ చేస్తుంది. మిల్లీలీటరుకి కొన్ని నానోగ్రాముల ఎల్‌పీఎస్ చాలు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఐఎల్-1 బీటా అనే మరో సైటోకైన్. ఎలుక మాక్రోఫేజ్‌లకు ఎల్‌పీఎస్ ఒక్కటే ఇస్తే కొన్ని గంటల్లో కణాలు పెరిగే ద్రవంలో టీఎన్ఎఫ్ పుష్కలంగా కనిపించేది. జ్వరం తెప్పించే ఐఎల్-1 బీటా మాత్రం దాదాపు ఉండేది కాదు, పూర్తికాని రూపంలో కణంలోనే ఉండిపోయేది. తర్వాత నైజెరిసిన్ అనే రసాయనం కలిపితే గంటలోపే బయటికొచ్చేది. నైజెరిసిన్ వల్ల కణంలోని పొటాషియం బయటికి పోతుంది, కణం లోపలి ఎన్ఎల్ఆర్‌పీ3 అనే సెన్సర్ ప్రోటీన్ దాన్ని ప్రమాదంగా తీసుకుంటుంది, దాంతో చురుకైన కాస్పేజ్-1 అనే ఎంజైమ్ ఐఎల్-1 బీటాని కత్తిరించి సిద్ధం చేస్తుంది. గ్యాస్‌డెర్మిన్ డి అనే ప్రోటీన్ కణం పొరలో రంధ్రాలు చేస్తుంది, అందులోంచి అది బయటపడుతుంది. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే ఆల్ఫా టాక్సిన్ లాంటివి కణం పొరకు తామే రంధ్రాలు చేసి ఈ రెండో సిగ్నల్ ఇస్తాయి. ఇంత శక్తిమంతమైన సైటోకైన్‌కి కణం రెండు తాళాలు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

టాక్సిక్ షాక్ అనే ప్రాణాంతక స్థితి తెప్పించే సూపర్ యాంటిజెన్లు అనే టాక్సిన్ల దారి వేరు, అవి టీ కణాలను పెద్ద సంఖ్యలో ఒకేసారి రెచ్చగొడతాయి.

మీరు ఈ ప్రయోగాలు చేసేవాళ్లయితే ఒక్క జాగ్రత్త. ఈ.కోలైలో తయారుచేసిన ప్రోటీన్‌తో కణాలు స్పందిస్తే వెంటనే నమ్మకండి, అందులో ఎల్‌పీఎస్ కలిసి ఉండొచ్చు. కొంత ప్రోటీన్‌ని మరిగించి మళ్లీ ఇవ్వండి. మామూలుగా ప్రోటీన్ పాడైపోతుంది కానీ ఎల్‌పీఎస్ మరిగించినా నిలుస్తుంది. స్పందన అలాగే ఉంటే అనుమానించాల్సింది ఎల్‌పీఎస్‌నే. పాలీమిక్సిన్ బి అనే యాంటీబయాటిక్ కలిపి కూడా చూడండి, అది ఎల్‌పీఎస్‌కి అతుక్కుని దాన్ని అణిచేస్తుంది.