మార్కెటింగ్ క్లాసులో నిద్ర: ముందు స్లైడ్లు పక్కన పెట్టు

తమ్ముడూ, నల్గొండలో మీ ఎంబీఏ పిల్లలు ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పండి సార్’ అంటున్నారే తప్ప పాఠం వింటలేరని రాశావు. మహబూబ్‌నగర్‌లో నాదీ అదే గోస.

మార్కెటింగ్ ప్రొఫెసర్ మెకార్తీ 1960లో చెప్పిన నాలుగు ‘పీ’లను (ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్) స్లైడ్ మీద చదివితే నాకే నిద్రొస్తది. మీ జిల్లాలో బత్తాయి ఉంది కదా! ముగ్గురేసి పిల్లల్ని పంపు. కాయకు తోటలో రైతుకెంత వచ్చింది, మధ్యలో ఎన్ని చేతులు మారింది, జ్యూస్ బండి మీద ఎంతయింది, రాసుకొని రమ్మను.

మా దగ్గర ఒకమ్మాయి రెండు జ్యూస్ బండ్ల దగ్గర గంటసేపు నిలబడి గిరాకీ లెక్కపెట్టింది. ఐదు రూపాయలు ఎక్కువ తీసుకునే బండికే జనం ఎక్కువట. అతను కాయ కళ్లముందే కోస్తాడు, ఐస్ వద్దంటే వెయ్యడు, గ్లాసు రెండుసార్లు కడుగుతాడు. ఆమె చెప్తుంటే వెనక బెంచీ కూడా తలెత్తింది. ‘వాల్యూ’, అంటే ఇచ్చిన డబ్బుకు దక్కిందని కొనేవాడు అనుకునే విలువ, అన్న మాట ఆ తర్వాతే బోర్డు మీద రాశాను.

ఇంకో సంగతి. చాలామంది తెలుగు మీడియం పిల్లలు. మనం నిద్ర అనుకునేది సగం ఇంగ్లిష్ భయమే. చర్చ తెలుగులో కానియ్యి, చివరి పది నిమిషాలు అదే ఇంగ్లిష్‌లో రాయించు. సరుకు వాళ్లనే ఎంచుకోనియ్యి: గద్వాల చీరైనా, టిఫిన్ సెంటరైనా. సొంత ఎంపిక, చేయగలనన్న ధీమా, తోడున్నారన్న భావన ఉంటేనే లోపలి నుంచి ఆసక్తి పుడుతుందని సైకాలజిస్టులు డెసి, రయాన్ ఏనాడో చెప్పారు.

ఐదుగురి గుంపు మాత్రం వద్దు, ఇద్దరు తిరుగుతారు, ముగ్గురు పేర్లు రాసుకుంటారు. ఇంటర్నల్ మార్కులు దీనికి కలుపుతానని చెప్పేముందు మీ హెచ్‌ఓడీని అడుగు.